వాషింగ్టన్‌లో ఒక మండువా: వాల్ష్ మేడ మోడల్ డైరీ

ఫిబ్రవరి 9

గరాజ్‌లో బల్ల ఖాళీ చేశాను. రెండేళ్లుగా అనుకుంటున్న పని ఇవాళ మొదలైంది. వాషింగ్టన్ డీసీలో మసాచుసెట్స్ అవెన్యూ మీద 2020 నంబరు ఇల్లు, థామస్ వాల్ష్ అనే గని యజమాని కట్టించిన పాత మేడ, ఇప్పుడు ఇండోనేషియా రాయబార కార్యాలయం. దాని నడిమి హాలునీ, ఆ హాల్లోని మెట్లనీ చెక్కతో చిన్న మోడల్‌గా కడుతున్నాను. మేడ మొత్తం 60 గదులు. అవన్నీ కట్టే ఉద్దేశం లేదు, నాకు కావలసింది ఆ నడిమి హాలు ఒక్కటే.

ఈ ఇల్లు మాకు మొదట తెలిసింది సరస్వతీదేవి వల్ల. ఎనిమిదేళ్ల కిందట, మేరీలాండ్ వచ్చిన కొత్తలో, ఒక ఆదివారం డూపాంట్ సర్కిల్‌లో మెట్రో దిగి మన ఎంబసీ ముందున్న గాంధీగారి విగ్రహం చూద్దామని బయల్దేరాం. దారిలో ఫుట్‌పాత్ పక్కనే 16 అడుగుల సరస్వతి కనిపించింది. తెల్లటి మనిషి, బంగారు రంగు నగలు, నాలుగు చేతులు, వీణ, జపమాల, తాళపత్రాలు, హంస. పాదాల దగ్గర చదువుకుంటున్న పిల్లలు ముగ్గురు. మా అమ్మాయికి బాసరలో అక్షరాభ్యాసం చేయించి అప్పటికి ఏడాది కూడా కాలేదు. అక్కడే ఆగిపోయి దండం పెట్టుకుంది. బాలీ శిల్పులు వచ్చి 2013లో చేసిన విగ్రహం అది. ఆ పిల్లల్లో ఒకడు చిన్నప్పుడు జకార్తా బడిలో చదువుకున్న బరాక్ ఒబామా అని తర్వాత తెలిసింది.

ఆ రోజు విగ్రహం వెనకున్న ఇంటి వైపు నేను సరిగ్గా చూడనేలేదు. లోపలికి వెళ్లింది రెండేళ్ల కిందట. ఏటా మే నెల మొదటి శనివారం డీసీలో చాలా దేశాల ఎంబసీలు తలుపులు తీసి జనాన్ని లోపలికి రానిస్తాయి. క్యూలో నిలబడి వెళ్లాం. గుమ్మం దాటి నాలుగు అడుగులు వేసి తలెత్తాను. మూడంతస్తుల ఎత్తున ఖాళీ, చుట్టూ వరండాలు, వాటి వెనక గదులు. పైన రంగుటద్దాల కప్పులోంచి వెలుతురు దిగుతోంది. నా నోట్లోంచి వచ్చిన మొదటి మాట, "ఇది మండువా".

కోనసీమలో మా తాతగారిది మండువా లోగిలి. నాలుగు వైపులా పెంకుల కప్పు లోపలికి వాలి ఉండేది. వాన వస్తే నీళ్లు నాలుగు తెరల్లా మండువా గుంటలో పడేవి. వీధి అరుగు, పడగ్గదులు, ధాన్యం కొట్టు, వంటిల్లు అన్నీ ఆ ఖాళీ చుట్టూనే. ఇంట్లో ఎవరు ఎటు వెళ్లాలన్నా దాన్ని దాటాలి. నాన్నా, పెదనాన్నా పోయాక వాటాలు తెగక ఇల్లు అమ్మేశాం. టేకు స్తంభాలు, దూలాలు, చెక్కడం చేసిన వీధి గుమ్మం అన్నీ ఒక పాత కలప వ్యాపారి లారీకెత్తుకుని పోయాడు. ఒక్క కొలత రాసి పెట్టుకోలేదు. ఒక్క కాగితం మీద ప్లాన్ గీసుకోలేదు. మిగిలినవి పెళ్లి ఫొటోలు, వాటిలో జనం వెనక సగం కనిపించే స్తంభాలు. నేనప్పుడు ఇక్కడ ఉద్యోగంలో కొత్త, సెలవు దొరకలేదు. ఈ డైరీ రాయడానికి కారణం కూడా అదే. ఈసారి ఏది ఎలా కొలిచానో, ఎందుకు కొలిచానో రాసి పెట్టుకుంటాను.

ఫిబ్రవరి 16

కొలతలు.

రాయబార కార్యాలయంలోకి టేపు పట్టుకుని వెళ్లడం కుదరదు. 1961 వియన్నా ఒప్పందం ప్రకారం ఆ ఆవరణలోకి అనుమతి లేకుండా ఇక్కడి పోలీసులే అడుగు పెట్టలేరు. కాబట్టి ఫొటోలే ఆధారం. ఈ దేశంలో ఒక మంచి పని జరిగింది. 1933లో, ఆర్థిక మాంద్యం రోజుల్లో, పనుల్లేక కూర్చున్న ఆర్కిటెక్టులకి ప్రభుత్వం జీతమిచ్చి పాత కట్టడాల కొలతలు తీయించింది. తొంభై ఏళ్లు దాటినా ఆ సర్వే ఇంకా నడుస్తూనే ఉంది. ఆ నక్షలు, ఫొటోలు లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్‌లో ఉన్నాయి, ఎవరైనా దించుకోవచ్చు. వాల్ష్ మేడ ఫొటోలు కూడా ఉన్నాయి. పనిలేని మనిషికి తిండీ దొరికింది, ఇళ్లకి లెక్కలూ దొరికాయి. మన జిల్లాల్లో ఇలాంటి పని ఒక్క పదేళ్లు జరిగి ఉంటే మా తాతగారి ఇంటి ప్లాన్ నాకు ఏదో ఒక ఆఫీసు బీరువాలో దొరికేది.

ఫొటోలోంచి కొలత తీయాలంటే ముందు సైజు ఊహించగల వస్తువు ఒకటి పట్టుకోవాలి. మామూలు కుర్చీ సీటు నేల నుంచి 18 అంగుళాలు ఉంటుంది. నిలబడ్డ మనిషి దొరికితే ఇంకా మంచిది. దాంతో మిగతావి ఒక్కొక్కటే లాక్కురావాలి. కెమెరాకి దూరమయ్యే కొద్దీ వస్తువులు కుంచించుకుపోతాయి కాబట్టి ఒకే వరుసలో ఉన్నవాటినే పోల్చాలి. దర్జా కోసం కట్టిన ఇంట్లో మెట్లు నిటారుగా ఉండవు, పొడుగు గౌన్లు వేసుకున్న ఆడవాళ్లు తడబడకుండా దిగాలి. మెట్టు ఎత్తు 6 అంగుళాలు అనుకుని ఫొటో మీద పెట్టి చూశాను. బాగానే కుదురుతోంది.

స్కేలు 1:48 తీసుకున్నాను. అంటే అసలు అడుగు మోడల్లో పావు అంగుళం. 6 అంగుళాల మెట్టు 1/8 అంగుళం అవుతుంది. బొమ్మల షాపులో దొరికే బాస్‌వుడ్ పలకల మందం సరిగ్గా అంతే. ఒక్కో పలక ఒక్కో మెట్టు. కోసి, ఒకదాని మీద ఒకటి పేర్చి జిగురు పెడితే చాలు.

మార్చి 1

మెట్ల ముక్కలు కోస్తున్నాను. బాస్‌వుడ్ మన తెల్ల పొణికిలాగే తేలిక, మెత్తన. పదునైన బ్లేడు పెడితే సబ్బులా తెగుతుంది. కొండపల్లి వాళ్ల చేతికి ఇస్తే ఒక్క పూటలో అయిపోయే పని, నాకు మూడు శనివారాలు పట్టేలా ఉంది.

కోస్తున్నంతసేపూ ఈ ఇల్లు కట్టించిన మనిషి గురించే ఆలోచన. థామస్ వాల్ష్ వడ్రంగి. 1850లో ఐర్లండ్‌లో పుట్టి, మిల్లు యంత్రాలు బిగించే పని నేర్చుకుని, 19 ఏళ్ల వయసులో అమెరికా ఓడెక్కాడు. మసాచుసెట్స్ రాష్ట్రంలో వడ్రంగం చేశాడు. కొలరాడో వెళ్లి వంతెనలు కట్టాడు. గనుల ఊళ్లు తిరిగాడు, హోటల్ నడిపాడు, కొంత కూడబెట్టాడు. 1893లో వెండి ధర కుప్పకూలినప్పుడు ఆ రాష్ట్రంలో చాలామందిలాగే ఆయనా దెబ్బతిన్నాడు.

తర్వాత జరిగినదే నాకు బాగా నచ్చిన ఘట్టం. 1896లో యూరే అనే ఊరి పైన కొండల్లో, వెండి కోసం తవ్వి వదిలేసిన గనుల దగ్గర పారబోసిన రాయిని ఆయన పట్టించుకున్నాడు. అందరూ వెండి మీదే చూపు పెట్టి తవ్వారు. పనికిరాదని బయట కుప్పపోసిన తెల్లరాతిలో బంగారం ఉంది. పరీక్ష చేయించాడు, సద్దు చెయ్యకుండా చుట్టుపక్కల గనులు కొనేశాడు. అదే క్యాంప్ బర్డ్ గని. పనివాళ్ల అన్నం ఎత్తుకుపోయే ఒక పిట్ట పేరు దానికి పెట్టారంటారు. కూలివాళ్లకి ఎనిమిది గంటల పని, కరెంటు దీపాలు, ఆవిరి వేడి ఉన్న వసతి ఇచ్చాడు. ఆ రోజుల్లో కొండ మీద గనిలో అది మామూలు సంగతి కాదు. 1902లో గనిని ఒక బ్రిటిష్ కంపెనీకి 50 లక్షల డాలర్లు దాటిన ధరకి అమ్మాడు.

ఆ డబ్బుతోనే ఈ మేడ. 1903లో పూర్తయింది. ఖర్చు 8,35,000 డాలర్లు, అప్పటికి వాషింగ్టన్‌లో అంత ఖరీదైన ఇల్లు లేదు. ఆర్కిటెక్టు హెన్రీ ఆండర్సన్. బెల్జియం రాజు రెండో లియోపోల్డ్‌తో వాల్ష్‌కి స్నేహం ఉండేది. ఆయన వస్తే ఉండటానికని ప్రత్యేకంగా గదులు సిద్ధం చేయించాడు, రాజు రానే లేదు. ముఖద్వారం దగ్గర బంగారపు ముద్ద ఒకటి పొదిగించాడని కూడా చెప్పుకుంటారు.

మెట్లు వైట్ స్టార్ కంపెనీ ఓడలోని మెట్లు చూసి కట్టించుకున్నవి. ఇది విన్నవాళ్లు వెంటనే "టైటానిక్‌వా?" అంటారు. కాదు. టైటానిక్ మొదటి ప్రయాణానికి ఎనిమిదేళ్ల ముందే ఈ ఇంట్లో కాపురం మొదలైంది. ఓడ అడుగు అంతస్తులో బతుకు వెతుక్కుంటూ దాటినవాళ్లు ఐర్లండ్ నుంచి లక్షల్లో ఉన్నారు. ఆయన ఎలా ప్రయాణం చేశాడో గాని, తర్వాత డబ్బొచ్చాక ఓడ మెట్లనే ఇంట్లో పెట్టుకోవాలనిపించడం నాకు అర్థమవుతుంది. వడ్రంగి కన్ను మెట్ల మీదే పడుతుంది. ఒక వడ్రంగి పనితనం తెలియాలంటే మెట్లు చూడు అని మా తాతగారి దగ్గర పనిచేసిన ఆచారిగారు అంటుండేవారు.

మార్చి 15

కింది వరుస పేర్చాను. మధ్యలో వెడల్పుగా పైకి లేచి, ల్యాండింగ్ దగ్గర ఆగి, అక్కణ్నించి ఎడమకీ కుడికీ చీలి మొదటి అంతస్తు వరండాలో కలుస్తాయి. పై నుంచి చూస్తే రెండు చేతులు చాచినట్టు. చీలే చోట రెండు వైపులా ఒక్క వెంట్రుక తేడా లేకుండా రావాలి. ఎడమ, కుడి ముక్కలు విడివిడిగా కోయకుండా, రెండు పలకలు డబుల్ టేపుతో అంటించి ఒకేసారి కోశాను. మంచి పద్ధతి, ముందు కూడా పనికొస్తుంది.

మార్చి 29

ఇవాళ రెయిలింగ్. ఈ పనే నన్ను బాగా ఏడిపించింది.

ఆ మెట్ల అందమంతా రెయిలింగ్‌లోనే ఉంది. మహాగని చెక్కలో తీగ పాకినట్టు వంపులు, 1900 నాటి పారిస్ ఫ్యాషన్. వాల్ష్ ఆ ఏడాది పారిస్ ప్రపంచ ప్రదర్శనకి అమెరికా తరఫున ఒక కమిషనర్‌గా వెళ్లాడు. అక్కడ అందరి కళ్లూ ఈ కొత్త తరహా మీదే.

పై పట్టీకి 1/8 అంగుళం కడ్డీని వేడినీళ్లలో నానబెట్టి వంచబోయాను. వంపు మొదలవగానే టప్పున విరిగింది. ఇంకొకటి, అదీ విరిగింది. నాలుగు పోయాక పద్ధతి మార్చాను. 1/32 అంగుళం మందం పట్టీలు నాలుగు తీసుకుని, ఇరవై నిమిషాలు వేడినీళ్లలో ఉంచి, ప్లైవుడ్‌తో కోసిన అచ్చు చుట్టూ చుట్టి, బట్టల క్లిప్పులు పెట్టి రాత్రంతా వదిలేశాను. పొద్దున్నకి ఆరి వంపు పట్టాయి. అప్పుడు ఒకదానికొకటి జిగురు రాసి మళ్లీ అదే అచ్చు మీద బిగించాను. క్లిప్పులు తీశాక వంపు అలాగే నిలబడింది. పక్కనుంచి చూస్తే నాలుగు పొరలు సన్నటి గీతల్లా కనిపిస్తాయి, రంగు పడితే కలిసిపోతాయి.

కింద తీగల పని చెక్కతో చెయ్యలేదు. అంత సన్నగా కోస్తే పీచు వెంట చీలిపోతుంది. 300 జీఎస్‌ఎం వాటర్‌కలర్ కాగితం మీద ఫొటో ఆధారంగా గీసుకుని, దానికి మూడు పూతలు లక్క పట్టించి, గట్టిపడ్డాక 11 నంబరు బ్లేడుతో కోశాను. లక్క పీల్చుకున్న కాగితం పలచటి చెక్కలా తెగుతుంది. అరచెయ్యంత ముక్కకి రెండు గంటలు.

లక్క గురించి రాయాలి. ఇక్కడ రేకుల రూపంలో అమ్ముతారు. ముదురు రకం రేకులు స్పిరిట్‌లో రాత్రి నానబెడితే పొద్దున్నకి చిక్కటి ఎర్ర గోధుమ రంగు ద్రవం. గుడ్డ ఉండలో ముంచి చెక్క మీద రుద్దితే పాలిపోయిన బాస్‌వుడ్ పూటలో మహాగని రంగుకి తిరుగుతుంది. మన ఊళ్లలో ఫ్రెంచ్ పాలిష్ అనేది ఇదే. ఏటికొప్పాకలో అంకుడు కర్రని చట్రం మీద తిప్పుతూ లక్క పుల్ల ఆనిస్తారు. వేడికి కరిగి రంగు పట్టుకుంటుంది. ఇప్పుడు నా గరాజ్ అంతా అదే వాసన. మా ఆవిడ తలుపు తీసి "మీ ఊరి వాసనొస్తోంది" అంది. మా ఇంటి తలుపులకి దసరా ముందు ఆచారిగారు పాలిష్ పెట్టేవారు, పండగ వాసనలో అదొక భాగం.

ఏప్రిల్ 5

రెయిలింగ్. ఎడమ వైపు అయింది.

ఏప్రిల్ 12

రెయిలింగ్. కుడి వైపు సగం.

ఏప్రిల్ 20

చెయ్యి నొప్పి. బ్లేడు పట్టుకోలేక ఇవాళ పని ఆపి, ఇల్లు చేతులు మారిన కథంతా ఒక కాగితం మీద రాసుకున్నాను.

ఇల్లు కట్టిన రెండేళ్లకే, 1905లో, వాల్ష్ కొడుకు విన్సన్ కారు ప్రమాదంలో పోయాడు. అదే కారులో ఉన్న కూతురు ఎవలిన్‌కి కాలు బాగా దెబ్బతింది. 1910లో వాల్ష్ పోయాడు. ఎవలిన్‌ది లోకమంతా ఎరిగిన కథ. వాషింగ్టన్ పోస్ట్ పత్రిక యజమాని కొడుకు నెడ్ మెక్లీన్‌ని పెళ్లాడింది. 1911లో హోప్ వజ్రం కొన్నది. అది మన పాత గుంటూరు జిల్లా (ఇప్పటి పల్నాడు) కొల్లూరు గనుల్లో దొరికిన రాయేనని ఎక్కువమంది నమ్మకం. 45.52 క్యారెట్ల ఆ నీలి వజ్రం ఇప్పుడు ఇదే ఊళ్లో స్మిత్సోనియన్ మ్యూజియంలో ఉంది. మాది అని చెప్పుకోగల రాయి, కోనసీమ నుంచి ఒక పూట ప్రయాణంలో ఉన్న చోట దొరికిన రాయి, ఈ ఇంటి ఆడపడుచు మెడలో వేలాడింది. అయినా నాకు వజ్రం కన్నా తల్లి కథే పట్టింది. భర్త పోయాక కారీ వాల్ష్ ఇంకా 22 ఏళ్లు ఈ ఇంటిని నిలబెట్టుకుని 1932లో ఇక్కడే కన్నుమూసింది.

తర్వాత ఇల్లు ఇల్లుగా లేదు. మాంద్యం రోజుల్లో ఇలాంటి మేడలకి పన్నులూ, బొగ్గు ఖర్చూ, నౌకర్ల జీతాలూ కట్టగలిగినవాళ్లు లేరు. మసాచుసెట్స్ అవెన్యూ పొడుగునా ఇదే వరస. కొన్ని క్లబ్బులయ్యాయి, కొన్ని పడిపోయాయి, చాలావాటిని విదేశాలు కొనుక్కున్నాయి. పెద్ద హాళ్లు, విందు గదులు, వీధి వైపు దర్జా, అన్నీ ఒక రాయబారికి కావలసినవే. అలా ఆ వీధికి ఎంబసీ రో అని పేరొచ్చింది. మన ఎంబసీ కూడా అక్కడే పాత కట్టడంలోనే ఉంది. వాల్ష్ మేడలో ముందు అమెరికా ప్రభుత్వ ఆఫీసు ఒకటి నడిచింది, భూమి పోగొట్టుకున్న పేద రైతులకి మళ్లీ బతుకు చూపించే శాఖ. యుద్ధకాలంలో రెడ్‌క్రాస్.

1951లో ఇండోనేషియా కొన్నది. డచ్చివాళ్లు ఆ దేశ సార్వభౌమత్వాన్ని ఒప్పుకుని అప్పటికి రెండేళ్లే, 1949 డిసెంబరు 27న. మొదటి రాయబారి అలీ శాస్త్రఅమిజొయొ. ఆ పేరు తెలుగులో రాస్తుంటేనే "శాస్త్ర" అని చేతికి తగులుతుంది. ధర 3,35,000 డాలర్లు. 48 ఏళ్ల కిందట కట్టడానికైన ఖర్చులో సగం కూడా కాదు. కొత్తగా నిలబడ్డ దేశానికి అది చిన్న డబ్బు కాదు. కొన్నవాళ్లు హాలుని ముక్కలు చేసి ఆఫీసు గదులు కట్టుకోవచ్చు. చెయ్యలేదు. ఆఫీసు పనికి పక్కన వేరే భవనం జతచేసుకుని మెట్లని మెట్లలాగే ఉంచారు. నాకు ఆ రాయబారుల మీద గౌరవం అక్కడే కలిగింది. మా ఇల్లు కొన్నవాళ్లకి కావలసింది కింద స్థలం, పైన కలప. మధ్యలో ఉన్న ఖాళీ ఎవరికీ అక్కర్లేకపోయింది.

మే మొదటి శనివారం

పొద్దున్నే వెళ్లాం. గేటు దగ్గర అప్పటికే క్యూ వీధి మలుపు దాకా ఉంది. మా అమ్మాయి ముందుగా సరస్వతి దగ్గరికి వెళ్లి దండం పెట్టుకుని వచ్చి క్యూలో కలిసింది. బాలీలో 210 రోజులకోసారి సరస్వతి పండగ చేస్తారని, ఆ రోజు పుస్తకాలకి పూజ చేస్తారని మా ముందు నిలబడ్డ ఒక ఇండోనేషియా పెద్దావిడ చెప్పింది. మేం దసరాల్లో పుస్తకాలు పూజలో పెడతామని చెబితే ఆవిడ మొహం వెలిగిపోయింది.

లోపల వెదురు గొట్టాల వాయిద్యం, అంగ్‌క్లుంగ్, పిల్లలకి నేర్పిస్తున్నారు. ఒక్కొక్కరి చేతిలో ఒక్కో స్వరం, అందరూ తమ వంతుకి ఊపితేనే పాట. ఆ చప్పుడు మూడంతస్తుల ఖాళీలో పైకి లేచి అద్దాల కప్పుకి తగిలి తిరిగొస్తోంది. మోడల్లో ఇది పెట్టలేను. రాసైనా ఉంచుకోవాలి.

నేను చెయ్యవలసింది ఒకటే, మెట్లు లెక్కపెట్టడం. కింద నిలబడి నేనొక వైపు నుంచి, మా అమ్మాయి ఇంకో వైపు నుంచి ల్యాండింగ్ దాకా లెక్కపెట్టాం. ఇద్దరికీ ఒకే అంకె వచ్చింది. నా మోడల్లో దానికన్నా ఒకటి ఎక్కువ ఉంది.

గుండె జారిపోయింది. మళ్లీ లెక్కపెట్టాను, అదే. తప్పు ఎక్కడ జరిగిందో అక్కడే తెలిసింది. కింద నేల అద్దంలా మెరుస్తోంది. మొదటి మెట్టు దాంట్లో తలకిందులుగా కనిపిస్తోంది. నలుపు తెలుపు ఫొటోలో ఆ ప్రతిబింబాన్ని నేను ఒక మెట్టు కింద లెక్కేశాను. నెలల తరబడి ఫొటో చూసినా తెలియనిది, నిలబడి చూస్తే అర నిమిషంలో తెలిసింది.

మే 11

ఒక మెట్టు తీసేయాలి. తీసేస్తే ల్యాండింగ్ 1/8 అంగుళం కిందికి దిగుతుంది, దాని పైనుండే మెట్లు వరండాతో కలవవు. అంటే పోయిన మెట్టు ఎత్తుని మిగతా మెట్లన్నిటికీ పంచాలి. ఆరిన జిగురుని వదిలించడానికి ఇస్త్రీపెట్టె మీద తడిగుడ్డ వేసి ఆవిరి పట్టాను. మెత్తబడ్డాక పలచటి కత్తి పెట్టి ఒక్కో మెట్టు విడదీశాను. రెండు ముక్కలు చిట్లాయి, కొత్తవి కోశాను. ఒక్కో మెట్టు కింద ఒక్కో కాగితం అట్ట పెట్టి మళ్లీ పేర్చుకుంటూ వచ్చాను. అట్టలు అన్నీ ఒకే మందం ఉండాలి, లేకపోతే మెట్లు ఒకటి పొడుగూ ఒకటి పొట్టీ అవుతాయి. కింది వరుస రెయిలింగ్ కూడా ఊడదీసి వాలు మార్చాల్సొచ్చింది. మూడు రోజులు సెలవు పెట్టాను. అయింది. పై మెట్లు వరండాతో కాగితం దూరనంత దగ్గరగా కలిశాయి.

మే 25

వెలుతురు.

పైకప్పుకి పారదర్శకమైన ప్లాస్టిక్ రేకు మీద గాజు రంగులు వేసి, పైన ఎల్‌ఈడీ పట్టీ పెట్టాను. మొదట ఇంట్లో ఉన్న తెల్ల పట్టీ, 6500 కెల్విన్. స్విచ్ వేస్తే హాలంతా ఆసుపత్రి వరండాలా ఉంది. లక్క పెట్టిన చెక్క బూడిద రంగుకి తిరిగింది. 2700 కెల్విన్ పసుపు వెలుతురు పట్టీ తెప్పించి మార్చాను. చెక్కలో ఎరుపు తిరిగొచ్చింది. కానీ ఎల్‌ఈడీలు చుక్కలు చుక్కలుగా రేకు మీద కనిపిస్తున్నాయి. రేకుకీ పట్టీకీ మధ్య ఒకటిన్నర అంగుళం ఖాళీ వదిలి ట్రేసింగ్ కాగితం రెండు పొరలు అడ్డం పెట్టాను. చుక్కలు పోయి వెలుతురు పరుచుకుంది. మెట్ల మీద పై వరండా నీడ మెత్తగా పడుతోంది. ఆ రోజు తలెత్తి చూసినప్పుడు కనిపించింది ఇదే. గరాజ్ లైటు ఆర్పేసి చాలాసేపు కూర్చున్నాను.

జూన్ 8

రాజమండ్రిలో అక్క దగ్గరున్న అమ్మకి వీడియో కాల్ చేసి చూపించాను. ఫోను పైకప్పు తీసిన మోడల్లోకి దించి నెమ్మదిగా చుట్టూ తిప్పాను.

"బాగా చేశావు నాన్నా," అంది. కాసేపాగి, "స్తంభాలు మరీ సన్నం. మనవి నా రెండు చేతులకీ అందేవి కావు."

"ఇది మనిల్లు కాదమ్మా. అమెరికాలో ఒకాయనది."

"తెలుసులేరా. మధ్యలో ఖాళీ చూసి అన్నాను." మళ్లీ ఆగింది. "మన మండువా పది మూరలు ఉండేది. పొడుగు పది, అడ్డం ఏడు. మీ అమ్మమ్మ నా పెళ్లికి పందిరి గుడ్డ కోసం కొలిచింది, నేను పక్కనే ఉన్నాను."

కాగితం కోసం వెతికాను. చేతికి అందింది ట్రేసింగ్ కాగితం ముక్క. దాని మీదే రాసుకున్నాను: పొడుగు 10 మూరలు, అడ్డం 7 మూరలు. మూరకి అడుగున్నర చొప్పున 15 అడుగులు, పదిన్నర అడుగులు.

"ఎన్ని స్తంభాలమ్మా?"

"ఎనిమిది. కాదు, ఆగు." అక్కని పిలిచింది. అవతల ఇద్దరూ కళ్లు మూసుకుని లెక్కపెడుతున్నారు, వేళ్లు కదులుతున్నాయి. "వంటింటి వైపు మూడు. వీధి వైపు మూడు. ధాన్యం కొట్టు ముందు ఒకటి, దానికి నువ్వు కొట్టిన మేకు ఉండేది, క్రికెట్ బ్యాట్ తగిలించుకోడానికి. ఇటు వైపు..." అక్కడ ఇద్దరికీ మాట పడలేదు. అక్క ఒకటే అంటుంది, అమ్మ రెండంటుంది. పెళ్లి ఫొటోల ఆల్బం తీసి రేపు మళ్లీ చేస్తామన్నారు.

ఫోను పెట్టేశాక ఆ కాగితం బల్లకి టేపుతో అంటించాను. పావు అంగుళానికి అడుగు లెక్కన మండువా మూడుముప్పావు అంగుళాలు, అడ్డం రెండున్నర దాటి కాస్త. మిగిలిన బాస్‌వుడ్ ముక్కలు ఏరి చూస్తే స్తంభాలకి సరిపోయే కడ్డీ ఒకటి ఉంది. ఎనిమిదో తొమ్మిదో తేలాక కోస్తాను.